రాష్ట్ర స్థాయి గడియ

సమన్వయ సంచాలక కార్యాలయం ఏం చేస్తుందని అడిగినవారికి సూటిగా సమాధానం చెప్పగలిగే స్థితిలో మేము ఎన్నడూ లేము. శాఖల మధ్య సమన్వయం సాధించే విభాగాలు రాష్ట్రంలో అనేకం ఉన్నాయి. ఆ విభాగాల మధ్య సమన్వయం కొరవడకుండా చూడటం మా బాధ్యత. ఇంతకంటె స్పష్టంగా చెప్పవలసిందని పైవారు ఒకసారి కోరారు. అప్పుడు నేను సమర్పించిన నివేదికను ఆసాంతం చదివి, మా కార్యాలయాన్ని మత్స్యశాఖలో విలీనం చేయవచ్చునని వారు సిఫారసు చేశారు. చేపలకూ మాకూ ఉన్న పోలిక ఏమిటో నాకు చాలాకాలం బోధపడలేదు. నోరు తెరుస్తూ మూస్తూ ఉండటమే తప్ప ఉభయుల నుంచీ మాట బయటికి రాదని వారి ఉద్దేశం కాబోలు.

ఆ విపత్తు నుంచి సంస్థను కాపాడే భారం సంచాలకుడి మీద, అనగా ఓరుగంటి భానుమూర్తి అనే నా మీద పడింది. బెజవాడలో బందరు కాలువకు దగ్గరగా అద్దెకు తీసుకున్న మూడంతస్తుల మేడ మాది. ఆ మేడలో కూర్చుని దీర్ఘంగా ఆలోచించి, మా ఉద్ధరణ సాఫ్ట్‌వేర్ వల్లనే సాధ్యమని నిర్ధారించాను. కార్యవాహిని అనే దాన్ని తెప్పించాను. ఎవరు ఏ పని చేయాలో, అది ఎంతవరకు వచ్చిందో అందులో ఒక్కొక్క కార్డుగా నమోదవుతుంది. కొద్దికాలంలోనే కార్డులు వేలకు వేలు పోగుపడి, పని చేయడం కంటె పనిని వెతకడం కష్టమైంది. అందుచేత కృత్రిమ మేధతో నడిచే ఒక సహాయకురాలిని దానికి జత చేయించాను. మామూలు మాటల్లో అడిగితే చాలు, పనులన్నిటినీ వడకట్టి కావలసినవాటినే చేతిలో పెడుతుంది. దానికి అన్వేషిణి అని నామకరణం చేయడానికి మూడు సమావేశాలు జరిగాయి. మూడింటికీ నేనే అధ్యక్షుణ్ణి. ఆ పేరును ప్రతిపాదించింది, బలపరచింది, ఏకగ్రీవంగా ఆమోదించింది కూడా నేనే.

తరువాత ఒక సర్క్యులర్ జారీ చేశాను. నా గద్యరచనలో దాన్ని ఇప్పటికీ ఉత్తమమైనదిగా భావిస్తాను. 'ఇందుమూలముగా సమస్త సిబ్బందికీ తెలియజేయునది ఏమనగా, అన్వేషిణి ద్వారా వెతికినపుడు తమ పేరిట కనిపించని ఏ పనినీ ఎవరునూ చేపట్టరాదు. చేపట్టినచో అట్టి పని అదృశ్య శ్రమగా పరిగణింపబడి, క్రమశిక్షణ చర్యలకు లోనుకాగలదు.'

అంతటితో ఆగి ఉంటే నేను సామాన్యుడిగా మిగిలిపోయేవాణ్ణి. ఒకనాడు అన్వేషిణిని 'పూర్తికాని పనులు చూపుము' అని అడిగి, తెర మీద ప్రత్యక్షమైనవాటిని చూసి సిగ్గుపడ్డాను. కారుతున్న కుళాయి, వెలగని ట్యూబులైటు, కాలు విరిగిన కుర్చీ, తాళంచెవి పోయిన బీరువా. ఒక రాష్ట్ర స్థాయి సంస్థ మొహం మీద ఇవా ఉండవలసినవి? ఆ రాత్రే ఔన్నత్య వడపోత అనే మహత్తరమైన భావన నాకు స్ఫురించింది. పని వర్ణనలోని భాషను బట్టి అన్వేషిణి దాని ఔన్నత్యాన్ని అంచనా వేస్తుంది. తగినంత ఔన్నత్యం లేని పని వెతికినా కనిపించదు. కనిపించవలసిన పనులేవీ లేనప్పుడు అది సిబ్బందిని అభినందించాలని కూడా ఆదేశించాను.

వారం తిరిగేసరికి మా తెర శరదాకాశంలా నిర్మలమైపోయింది. ఉప సంచాలకురాలు కొల్లి హైమవతి గారు ఆ తెర ముందు కాసేపు నిలబడి, "తెర చాలా శుభ్రంగా ఉందండీ. కుళాయి మాత్రం కారతానే ఉంది" అన్నారు. పరిపాలనాపరంగా ఆ కుళాయి ఇప్పుడు లేదని ఆమెకు నచ్చజెప్పాను. లేని కుళాయి కింద పెట్టిన బకెట్టు నిండిపోయిందని, దాన్ని పారబొయ్యడం ఎవరి పేరున ఉందో కనుక్కుంటానని ఆమె వెళ్లిపోయారు. ఆమె మాటల్లో వ్యంగ్యం ఉన్నదా అని నాకు అప్పుడప్పుడు అనుమానం కలిగేది. లేదనుకోవడం నా ఆరోగ్యానికి మంచిదని వదిలేశాను.

సర్క్యులర్‌కు తొలి ఆహుతి అటెండరు నాంచారయ్య. హైమవతి గారి నెత్తిమీద మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటును, అన్వేషిణిలో వెతకకుండానే, కుర్చీ ఎక్కి మార్చేశాడు. వెలుతురు వచ్చిన మాట నిజమే. కాని అది అక్రమమైన వెలుతురు. నేను అతనికి మెమో ఇచ్చాను. అదృశ్య శ్రమకు పాల్పడినందుకు రాష్ట్రంలో మెమో అందుకున్న ప్రథమ వ్యక్తి తానేనని అతనికి చెప్పి ఉత్సాహపరచబోయాను. అతడు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని చొక్కా జేబులో దాచుకున్నాడు.

ఇక ఆ మహాదినం వచ్చింది. మా పద్ధతిని పరిశీలించడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తున్నది. దాని నాయకులు దువ్వూరి రాజగోపాల్ గారు. నెల్లూరు మనిషే అయినా ఏళ్ల తరబడి ఢిల్లీలో ఉండటం వల్ల తెలుగును కూడా ఉత్తర్వుల్లోనే మాట్లాడతారని ప్రతీతి. మా విధానం ఆయనకు నచ్చి సంతకం పెడితే మేము ఆదర్శ సంస్థ. నచ్చకపోతే చేపలు.

నా గదికి అనుబంధంగా, నాకు మాత్రమే కేటాయించిన బాత్రూము ఒకటి ఉన్నది. అందులోని అద్దం నిలువెత్తుది. బృందం రావడానికి ముందు స్వాగతోపన్యాసాన్ని ఒకసారి సాభినయంగా చదువుకుందామని ఆ కాగితంతో, చేతిలో ఫోనుతో లోపలికి వెళ్లాను. వానాకాలపు తేమకు ఉబ్బి ఉన్న తలుపును గట్టిగా లాగి మూశాను. 'శూన్య బకాయి దిశగా ఒక మహోద్యమం' అనే ఉపన్యాసం అద్భుతంగా సాగింది. చివరి వాక్యానికి నా కళ్లే చెమ్మగిల్లాయి. కళ్లు తుడుచుకుని తలుపు పిడి తిప్పాను. పిడి తిరిగింది. తిరుగుతూనే ఉన్నది. గడియ మాత్రం కదలలేదు.

సూపరింటెండెంటు యేసురత్నం గారికి ఫోను చేశాను. నిబంధనల గ్రంథాన్ని కంఠస్థం చేసిన మనిషి ఆయన. హుటాహుటిన హైమవతి గారినీ నాంచారయ్యనూ వెంటబెట్టుకుని తలుపు అవతలికి చేరారు. పరిస్థితి వివరించాను. వెంటనే తెరవవలసిందిగా నాంచారయ్యను ఆజ్ఞాపించాను.

"స్క్రూడ్రైవరు చేతిలోనే ఉందండీ," అన్నాడు నాంచారయ్య. "పనే కనపట్టంలేదు."

నేను కంఠస్వరం పెంచాను. అవతల ప్లాస్టిక్ కవరు విప్పుతున్న చప్పుడైంది. అతడు నా మెమోను, నా వాక్యాలను, ఒక్కొక్క పదమూ కూడబలుక్కుంటూ నాకే చదివి వినిపించాడు. ఇకమీదట ఇట్టి చర్య పునరావృతమైనచో తీవ్ర పరిణామములుండునని నేను రాసిన చోట రెండుసార్లు ఆగాడు. ఆ తరువాత, ఈ మెమో వెనక్కి తీసుకున్నట్టు ఒక్క ముక్క రాసి తలుపు కింది సందులోంచి తోస్తే చిటికెలో తీసేస్తానన్నాడు.

కాగితం నా చేతిలో ఉన్నది. కలం కూడా ఉన్నది. కాని మెమో తప్పయితే సర్క్యులర్ తప్పు. సర్క్యులర్ తప్పయితే ఆదర్శ సంస్థ లేదు. ఢిల్లీవారు వచ్చేరోజే నేను స్వహస్తంతో దాన్ని రద్దు చేసుకోవడమా? ఒక పెద్ద బొచ్చె చేప నోరు తెరుస్తూ మూస్తూ నా కళ్ల ముందు కదలాడింది.

"నిబంధన నిబంధనే నాంచారయ్యా," అన్నాను గంభీరంగా. "అన్వేషిణిలో నమోదు చేయించి, పద్ధతి ప్రకారమే బయటికి వస్తాను."

ఆ మాట అన్నందుకు నన్ను చూసి నేనే పులకించిపోయాను. అద్దంలో కూడా బాగానే కనిపించాను. అయితే కూర్చోవడానికి ఆ గదిలో ఒకే ఒక ఆసనం ఉన్నదన్న విషయం ఆ ఆవేశంలో గమనించలేదు.

యేసురత్నం గారు తక్షణమే 'సంచాలకుల బాత్రూము గడియ పట్టేసింది, తీయాలి' అని ఒక కార్డు సృష్టించి, నాంచారయ్య పేరు పెట్టారు. నేను లోపల నుంచి ఫోనులో అన్వేషిణిని అడిగాను. 'బాత్రూము గడియకు సంబంధించిన పనులు చూపుము.'

'మీ వడపోతకు సరిపోలే పనులు ఏవీ లేవు. అభినందనలు.'

మాట మార్చి అడిగాను. 'లోపల చిక్కుకుపోయిన అధికారులకు సంబంధించిన పనులు చూపుము.'

'ఈ కార్యాలయంలో చిక్కుకుపోయిన అధికారులు ఎవరూ లేరు. అభినందనలు.'

ఈసారి కొంత దీనంగా, సంచాలకుడు బయటికి రావడానికి తోడ్పడే ఏ పని అయినా సరే చూపవలసిందిగా ప్రార్థించాను. అన్వేషిణి ఒక్క క్షణం ఆలోచించి, సంచాలకులు బయటికి వెళ్లడానికి సంబంధించిన కార్డు ఒకటి ఉన్నదని, అది వచ్చే ఏటి పదవీ విరమణ సన్మానమని, శాలువా కొనుగోలు ఇంకా పూర్తికాలేదని తెలియజేసింది.

అవతల నుంచి హైమవతి గారు శాంతంగా అన్నారు. "ఔన్నత్యం చాలట్లేదు సార్. గడియ అంటే అదెందుకు చూపిస్తుంది? మీరే కదా వద్దన్నారు. కాస్త పెద్ద మాటల్లో రాద్దాం."

ఇక్కడ నేను ఒక విషయం చెప్పక తప్పదు. ప్రమాదంలో ఉన్న మనిషి ప్రాణం గురించి ఆలోచిస్తాడని అంటారు. నేను గద్యం గురించి ఆలోచించాను. తలుపుకు అటూ ఇటూ నిలబడి మేము ముగ్గురం ఆ కార్డును సంస్కరించడం మొదలుపెట్టాము. బాత్రూము అనే మాటను తీసి, 'ఉన్నతాధికార పరిశుభ్రతా ప్రాంగణం' అన్నాను. గడియను 'నిర్గమన నియంత్రణ యంత్రాంగం' చేశారు హైమవతి గారు. పట్టేసింది అనే గ్రామ్యం నా చెవిని బాధించింది. 'చలనరాహిత్యానికి లోనైనది' అని సూచించాను. యేసురత్నం గారు కాసేపు తటపటాయించి, 'సమగ్ర' అనే మాట లేకుండా తన సర్వీసులో ఏ కాగితమూ పైకి పోలేదని మనవి చేశారు. దాన్ని కూడా చేర్చాము. 'బహుళ దశల' అన్నది మాత్రం అచ్చంగా నాదే. అది స్ఫురించిన క్షణంలో, నిజం చెబుతున్నాను, నేను ఎక్కడ ఉన్నదీ మరచిపోయాను.

'ఉన్నతాధికార పరిశుభ్రతా ప్రాంగణములందు చలనరాహిత్యానికి లోనైన నిర్గమన నియంత్రణ యంత్రాంగముల బహుళ దశల సమగ్ర పునరుజ్జీవన పథకం.'

అన్వేషిణిని మళ్లీ అడిగాను. ఈసారి అది తటపటాయించలేదు.

'ఒక పని లభించింది. ఔన్నత్యం: పరిపూర్ణం. స్థాయి: రాష్ట్రం. బాధ్యులు: సంచాలకులు.'

రాష్ట్ర స్థాయి పనులు సంచాలకుడి పేరిట తప్ప మరెవరి పేరిటా ఉండరాదన్నది నా ఉత్తర్వే. యేసురత్నం గారు పెట్టిన నాంచారయ్య పేరును అన్వేషిణి తొలగించి, నా పేరు చేర్చింది. తొలి దశ ఏమిటని అడిగాను.

'తొలి దశ: సంచాలకుల క్షేత్రస్థాయి సందర్శన. సంచాలకులు ప్రస్తుతం క్షేత్రంలోనే ఉన్నారు. అభినందనలు.'

"అయితే నా పేరున లేదన్నమాట," అన్నాడు నాంచారయ్య. టీ తాగి వస్తానని చెప్పి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే కింద కార్ల తలుపులు పడిన చప్పుడు వినిపించింది.

హైమవతి గారు ఆపత్సమయంలో వెన్ను చూపే మనిషి కారు. నన్ను ఫోను ద్వారానే సమావేశంలో పాల్గొనమన్నారు. నా వెనుక ఉన్న పింగాణీ పలకలు కనిపించకుండా గ్రంథాలయం బొమ్మను అమర్చుకునే ఉపాయం కూడా చెప్పి, బృందాన్ని సమావేశ మందిరంలోకి తీసుకుపోయారు. పెద్ద తెర మీద నేను ప్రత్యక్షమయ్యాను. మా సంచాలకులు దూరస్థ సమన్వయాన్ని స్వయంగా ఆచరించి చూపుతున్నారని ఆమె పరిచయం చేశారు. పని ఎక్కడ ఉంటే ఆయన అక్కడే ఉంటారని, పొద్దుటి నుంచి అక్కడి నుంచి కదలలేదని కూడా అన్నారు. అందులో ఒక్క అబద్ధమూ లేదు.

రాజగోపాల్ గారు తెర వైపు తదేకంగా చూశారు. "సంచాలకుల వారి నేపథ్యమున గ్రంథాలయము గోచరించుచున్నది. అయినను జలధ్వని వినవచ్చుచున్నది. కారణమేమి?"

నా వెనుక ఫ్లష్ తొట్టి కారుతున్నది. అది కూడా పరిపాలనాపరంగా లేనిదే.

"జలవనరులతో ముడిపడిన ఒక సున్నితమైన ప్రదేశంలో ఉన్నానండి," అన్నాను.

"కృష్ణాతీరమా?"

"చాలా సమీపంలో."

ఆయన తృప్తిగా తల ఊపి, పూర్తికాని పనులను చూపమన్నారు. తెర మీద ఒకే ఒక్క పని నిలిచింది. ఇంత పెద్ద సంస్థలో ఒకే ఒక్క పని మిగలడం దేశంలో మరెక్కడా చూడలేదని బృందంలోని మిగిలినవారు గుసగుసలాడుకున్నారు. రాజగోపాల్ గారు దాని పేరును పైకి చదివారు. చదవడానికి ఆయనకు రెండు ఊపిరులు పట్టాయి. ముగించాక కాసేపు కళ్లు మూసుకున్నారు. మంచి సంగీతం విన్నవారి ముఖంలో కనిపించే ప్రశాంతత ఆ ముఖంలో చూశాను. ఏ జిల్లాకు సంబంధించినదని అడిగారు. ప్రస్తుతానికి ఒక కేంద్రంలో ప్రయోగాత్మకంగా జరుగుతున్నదని, సమస్య మాత్రం అన్ని జిల్లాల్లోనూ ఉన్నదని హైమవతి గారు విన్నవించారు. లబ్ధిదారులు ఎందరని అడిగారు. ప్రస్తుతానికి ఒక్కరేనన్నారు ఆమె.

రాజగోపాల్ గారు చలించిపోయారు. "చిట్టచివరి మనిషి వరకు పథకము చేరవలెనని మేము ఢిల్లీలో నిత్యము ఉద్ఘాటించుచుందుము. మీరు ఆ మనిషితోనే ఆరంభించినారు."

పథకాన్ని అక్కడికక్కడే సూత్రప్రాయంగా ఆమోదించారు. ఒకే ఒక షరతు విధించారు. ఇప్పటి స్థితిని నమోదు చేసే ఆధార స్థితి సర్వే పూర్తయ్యే వరకు ప్రయోగ స్థలాన్ని యథాతథంగా ఉంచాలి. ఆ యంత్రాంగంలో ఒక్క మరను కూడా కదపరాదు.

నేను ఇరుక్కుపోయానండి, తలుపు తీయించండి అనే చిన్న వాక్యం నా నాలుక మీదికి వచ్చింది. అందులో ఔన్నత్యం బొత్తిగా లేదు. ఇంతలో చప్పట్లు మొదలయ్యాయి. తెర మీది నుంచి తల వంచి ధన్యవాదాలు చెప్పాను. సంతకాలు భోజనానంతరం అని ప్రకటించారు. ఫోను కట్టేసి ఆ ఏకైక ఆసనం మీద కూలబడి, నా తలుపు నా చేతనే, నా భాషలోనే, నా కోసమే మూయబడిన తీరును నెమరు వేసుకుంటూ కూర్చున్నాను. అవతలి నుంచి పులిహోర వాసన వచ్చింది.

ఎంత సేపు గడిచిందో తెలియదు. నా గదిలో వేగంగా అడుగుల చప్పుడైంది. దాని వెనుకనే యేసురత్నం గారి గొంతు వినిపించింది. సిబ్బంది బాత్రూము తాళం ఎందుకు వేసి ఉన్నదో ఆయన వివరిస్తున్నారు. దాని మరమ్మతుకు ఔన్నత్యం చాలలేదని, కనుక అది ప్రస్తుతం లేనట్టేనని, పోతే ఇది పథకంలో ఉన్నదని చెబుతున్నారు. ఆ రెండో వ్యక్తి ఈ వివరణ వినే స్థితిలో లేరు. మనిషికి కలిగే అవసరాల్లో ఏ వడపోతకూ లొంగనిది ఒకటి ఉన్నది. అది అన్వేషిణిని అడిగి రాదు. తలుపు పిడి మీద బలమైన చెయ్యి పడింది. ఆ పిడిని బయట నుంచి గట్టిగా లాగి చూడాలని ఉదయం నుంచి ఎవరికీ తోచలేదు. లాగడం కూడా పనే కాబట్టి.

తలుపు ఫెళ్లున తెరుచుకున్నది. ఊడి వచ్చిన పిడిని చేత్తో పట్టుకుని ఎదురుగా రాజగోపాల్ గారు నిలబడి ఉన్నారు. ఒకరినొకరం చూసుకున్నాము.

"మీరు కృష్ణాతీరంలో కదా?" అన్నారు ఆయన.

"ఇప్పుడే వచ్చానండి," అన్నాను.

మరో ప్రశ్నకు ఆయనకు వ్యవధి లేదు. నన్ను పక్కకు తోసి, పిడితో సహా లోపలికి దూసుకుపోయి, తలుపును వచ్చినంత వేగంతోనే మూశారు. గడియ పడిన చప్పుడు నాకు బాగా పరిచితమైనది. ఈసారి బయట పిడి కూడా లేదు. పిడి ఉండవలసిన చోట ఒక నున్నని ఇనుప బిళ్ల మాత్రం నన్ను చూస్తున్నది.

కాసేపటికి లోపల నుంచి గంభీరమైన స్వరం వెలువడింది. "ఈ ద్వారము నిర్గమనమునకు సహకరించుట లేదు."

ఆ యంత్రాంగం ఇప్పుడు రాష్ట్ర స్థాయి పథకమని, సర్వే పూర్తయ్యే దాకా ఒక్క మరను కూడా కదపరాదన్న షరతు ఉన్నదని యేసురత్నం గారు తలుపు దగ్గరగా నోరు పెట్టి సవినయంగా గుర్తు చేశారు. లోపల పిడి తిప్పుతున్న చప్పుడు. ఆ తరువాత వచ్చిన గొంతులో ఢిల్లీ లేదు. నెల్లూరు మాత్రమే ఉన్నది.

"ఎవురన్నా ఉండారా బయట? సర్వే గిర్వే తర్వాత చూసుకుందాం, ముందు తలుపు తియ్యండబ్బా. నాకు గాలాడటంలా."

టీ తాగి వచ్చిన నాంచారయ్య గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉన్నది. నేను అతని వైపు చూశాను. అతడు నా ఫోను వైపు చూశాడు. హైమవతి గారు కిటికీలోంచి కాలువ వైపు చూస్తున్నారు. ఆమె భుజాలు కొద్దిగా కదులుతున్నాయి. లోపల ఉన్న మనిషి సంతకం పెట్టకుండా వెళితే చేపలు. తలుపు తెరవాలంటే పొద్దున నేను రాయనన్న ముక్క రాయాలి.

"తియ్యి నాంచారయ్యా," అన్నాను. "మెమో వెనక్కి తీసుకున్నాను."

"కాయితం మీదండీ," అన్నాడు నాంచారయ్య.

ఉపన్యాసం కాగితాన్ని తిరగేశాను. 'శూన్య బకాయి దిశగా ఒక మహోద్యమం' వీపు మీద, గోడకు ఆనించి, నా జీవితంలో అతి చిన్న ఉత్తర్వు రాశాను. నాంచారయ్యకు ఇచ్చిన మెమో రద్దు చేయడమైనది. ట్యూబులైటు మార్చడం సరైన పనే. అతడు దాన్ని హైమవతి గారికి ఇచ్చి చదివించుకున్నాడు.

"విచారిస్తున్నాను అన్న ముక్క లేదేంటండీ?" అన్నాడు.

లోపల నుంచి తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు వస్తున్నది. ఆ ముక్క కూడా చేర్చాను. నాంచారయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో ఉంచాడు. అందులోని పాత మెమోను తీసి, రెండు చేతులతో మర్యాదగా నాకు తిరిగి ఇచ్చాడు. జేబు గుండీ పెట్టుకుని తలుపు ముందు కూర్చున్నాడు. బిళ్ల ఊడింది, నాలుగు మరలు రాలాయి, గడియ మొత్తం అతని అరచేతిలోకి వచ్చేసింది. తలుపు తనంతట తానే మెల్లగా తెరుచుకున్నది.

రాజగోపాల్ గారు బయటికి వచ్చి, రుమాలుతో మొహం తుడుచుకుని, కోటు సర్దుకున్నారు. కోటుతోపాటు భాష కూడా తిరిగి వచ్చింది. ప్రయోగ స్థలంలో ఇప్పుడు జరిగిన చర్య ఏ పని కింద నమోదైనదని అడిగారు. నేను పాత మెమోను జేబులో కుక్కుకున్నాను. యేసురత్నం గారు మాత్రం నిజాయితీగా అన్వేషిణిని వెతికి, వచ్చిన సమాధానాన్ని చదివి వినిపించారు.

'మీ వడపోతకు సరిపోలే పనులు ఏవీ లేవు. అభినందనలు.'

రాజగోపాల్ గారు చాలా సేపు ఆలోచించారు. "అయినచో ఏమియు జరుగలేదు," అన్నారు చివరికి. ఆ ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు కూడా సంక్రమించింది. సంతకాలు పెట్టి, అందరికీ నమస్కరించి, పిడిని పొరపాటున కోటు జేబులోనే పెట్టుకుని ఆయన విమానానికి వెళ్లిపోయారు.

మా కార్యాలయం ఇప్పుడు ఆదర్శ సంస్థ. చేపల గండం తప్పడమే కాదు, మత్స్యశాఖతో సమన్వయం కూడా మాకే అప్పగించారు. పునరుజ్జీవన పథకం అన్ని జిల్లాలకూ విస్తరించింది. ఆధార స్థితి సర్వే కోసం జిల్లాల్లో బాగా పనిచేస్తున్న గడియలను కూడా ఊడదీసి ఢిల్లీకి పంపుతున్నారని విన్నాను. నాంచారయ్య ఊడదీసిన గడియను ఎర్రటి గుడ్డలో చుట్టి, సీలు వేసి, తాళంచెవి దొరికిన బీరువాలో భద్రపరచాము. దాన్ని తిరిగి బిగించడం పథకం చివరి దశలో ఉన్నది. ట్యూబులైట్లు మాత్రం అన్నీ వెలుగుతున్నాయి. కుళాయి కారడం ఆగిపోయింది. ఎవరు బాగు చేశారో అన్వేషిణిని నేను అడగలేదు. నాంచారయ్యను అసలే అడగలేదు.

నా బాత్రూము తలుపుకు గడియ ఉండవలసిన చోట ఇప్పుడు ఒక గుండ్రటి రంధ్రం ఉన్నది. అందుచేత లోపల ఉన్నంతసేపు పాట పాడుతుంటాను. నాకు శ్రుతి లేదు, లయ లేదు, సాహిత్యం కూడా మొదటి చరణంతోనే అయిపోతుంది. అయినా ఆపడానికి వీలులేదు. నేను పాడటం మొదలుపెట్టగానే మూడో అంతస్తులో కూడా ఫైళ్లు పక్కన పెట్టి చెవులు మూసుకుంటారని హైమవతి గారు చెప్పారు. వెతకకుండా, వడకట్టకుండా, మా కార్యాలయంలో అందరికీ తెలిసిపోతున్న పని అదొక్కటే.